కాశమ్మ మెడల చక్కెర పేరు

దగ్గరికి జరుగుండ్రి. ఇంకా జర దగ్గరికి. గోడకు ఒరిగినోళ్ళు కూడ ముందటికి రాండ్రి, గొంతు పెంచి చెప్పే ముచ్చట కాదిది. పళ్ళెంల చెయ్యి పెట్టుకోని ఊకె కూసోకుండ్రి, తినుకుంట ఇనుండ్రి. ఉత్త కడుపుతోని ఈ కథ ఇనొద్దు. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే ఎరుకైతది.

అగో, ఆ గూట్లె తెల్లగ మెరిసే ఎండి మొఖం కనబడుతున్నది గద. అరచెయ్యంత కూడ లేదు. ఆమెనే కాశమ్మ. మా మామగారికి మేనత్త. పేరుకు మేనత్త గని, పోయిననాడు ఆమెకు నాలుగేండ్లు. ఈ కార్వాన్ ఇంట్లనే పుట్టింది, ఈ ఇంట్లనే పోయింది. పిల్లకు జరం ఉండె, ఆ దినం ఏకాదశి. ఇంటిల్లిపాది ఒక్కపొద్దున్నరు, పిల్లకు కూడ ఏం పెట్టలే. మర్నాడు లేపితె లేవలే. ఏడ్వలే, కేకెయ్యలే. కండ్లు సగం తెరిచి, గట్లనే చల్లబడి పోయింది.

ఆ తర్వాతనే ఇంట్ల ఒక గొంతు మొదలైందంట. రాత్రిపూట కాదు. పట్టపగలు. భట్టీలు ఆరి, పనోళ్ళు తిండికి పోయి, ఇల్లు సద్దుమణిగినంక గూటి దిక్కుకెళ్ళి చిన్నపిల్ల మాట ఒక్కటి వచ్చేది. "ఇంత పెట్టుండ్రి" అని. అంతే. మల్ల ఇంకేం ఉండకపోయేది. పెద్దోళ్ళు భయపడ్డరు. ఎండితోని మొఖం చేపిచ్చి గూట్లె నిలబెట్టిన్రు. లాడ్ బజార్ల దొరికే అన్నిట్లకెల్ల చిన్న గాజులు తెచ్చి ముంగట పెట్టి, మెడల చక్కెర పేరు ఏసిన్రు. కామునిపున్నమి పోయినంక వచ్చే ఏకాదశి, ఆమె ఒక్కపొద్దున్న దినం, దాన్ని కాశమ్మ దినం అన్నరు. ఆ దినం ఆమెకు ఇస్తరేసి వడ్డించాలె. ఆమె తిన్నంకనే ఇంట్ల పిల్లలు తినాలె. నాలుగో ఏడు పడ్డ పిల్లకాన్నుంచి ఇదే లెక్క. ముందటి దినం దీపాలు పెట్టంగనే పిల్లల నోరు కట్టేసుడు, కాశమ్మ దినం దీపాలు పెట్టినంకనే తెరుసుడు. నడుమల మంచినీళ్ళు తప్ప ఏం లేదు.

మనదేమో చక్కెర పేర్ల ఇల్లు. మీకు తెలుసు, మీరే మెడల ఏసుకోని తిరుగుతరు. చెక్క అచ్చుల దారం పరుస్తం, మీద పాకం పోస్తం, ఆరినంక అచ్చు ఇప్పితె దారానికి బిళ్ళలు బిళ్ళలు పట్టుకోని తెల్లగ దండ లెక్క పేరు లేస్తది. కామునిపున్నమి నుంచి ఉగాది దాక ఎనుక కార్ఖానల ఊపిరాడనంత పని. పిల్లల జుట్టుకు కూడ చక్కెర వాసనే. అసుంటి ఇంట్ల, గా రోజుల్లనే, ఒక్క దినం పిల్లలకు వేలు నాకనియ్యకపోయేది. కార్ఖానకు తాళం ఏసేటోళ్ళు.

అయినా ఆమె ఊకోలే. కొన్నేండ్లకు ఒక పిల్ల, మల్ల కొన్నేండ్లకు ఇంకో పిల్లగాడు. అందరూ నాలుగేండ్లోళ్ళే. అందరూ కాశమ్మ దినమే. పొద్దుగాల మంచిగనే లేస్తరు, పగటికి నిద్రమబ్బు లెక్క అయితరు, గంతే. మా అత్త సుశీలమ్మ చెప్పేది, "ఆమెకు తన ఈడు పిల్లలు కావాలె, ఆడుకోను తోడు" అని. చెప్పుకుంట కొంగు నోట్లె కుక్కుకునేది. ఆమె మొదటి కొడుకు కూడ గట్లనే పోయిండు. పోయినోళ్ళ పేర్లు మల్ల ఇంట్ల ఎత్తొద్దనుకున్నరు. ఎత్తితె ఇంకొకరిని పిలుస్తదని. పేరెత్తేదే లేదు గనుక ముచ్చట కూడ లేకుండ పోయింది. ఒకరు పోయినప్పుడల్లా ఒక్కపొద్దు మాత్రం ఇంకింత గట్టిగ చేసేటోళ్ళు. ముందుగాల పిల్లలకు పగటిపూట పాలు ఇచ్చేటోళ్ళంట. సుశీలమ్మ కొడుకు పోయినంక పాలు కూడ బందు పెట్టిన్రు.

నేను ఈ ఇంటికి పదహారేండ్లకొచ్చిన. మీ తాత వైకుంఠం నాకు మేనబావ. ఈ ఇంట్ల అందరం గట్లనే చేసుకున్నం, బయటి పిల్ల రాలే, మన పిల్ల బయటికి పోలే. నేను బడికి పోయింది మూడేండ్లే. గని నా తలకాయల ఏం పడ్డా బయటికి పోదు. ఎవరి పెండ్లికి ఏ కూర మాడిందో కూడ చెప్తా. మీ తాత నన్ను చూసి, "నీ నోట్లె పడేకన్న పోలీసుల చేతుల పడుడు నయం, వాళ్ళన్నా మర్చిపోతరు" అంటడు.

నాకు మొదటి కాన్పు ఆడపిల్ల. పుష్ప. మూడేండ్ల కింది దాక మీల శానామందికి ఆ పేరే తెల్వదు. కుడి బుగ్గ మీద చిన్న గుంట. నడిచినప్పుడు మడమలు నేలకు పెట్టకపోయేది. నాలుగో ఏడు పడ్డది, కాశమ్మ దినం వచ్చింది. ముందటి దినం పొద్దూకంగ రెండు ముద్దలు తిని వద్దన్నది. పగటిపూట కార్ఖాన గడప సందుల ఒక బిళ్ళ పడి ఉంటే చూసింది. తీసుకోని నా దిక్కు చూసింది. అడిగినట్టు చూసింది. నేను చెయ్యి మీద కొట్టిన. బిళ్ళ గుంజుకోని తీస్కపోయి గూట్లె పెట్టిన. పిల్ల ఏడ్వలే. పోయి గూటి కింద గోనెసంచుల మీద పండుకున్నది.

జర సేపటికి ఆ గొంతొచ్చింది. "ఇంత పెట్టుండ్రి." అప్పటిదాక పెద్దోళ్ళు చెప్తె ఇనుడే గని, నేను చెవులార ఇన్నది అదే మొదలు. కాశమ్మ అడుగుతున్నదని ఉరికిపోయి అన్నం తెచ్చి, నెయ్యి పోసి, గూట్లె వడ్డించిన. రెండుసార్లు వడ్డించిన. దండం పెట్టి కిందికి చూస్తె పుష్ప కండ్లు సగం తెరిచి ఉన్నయి.

పదేండ్లకు శ్రవణ్‌కుమార్ పుట్టిండు. వాని నాలుగో ఏడు కాశమ్మ దినం నేను పొద్దుందాక వాని ముక్కు కాడ వేలు పెట్టుకోని కూసున్న. వానికేం కాలే, దీపాలు పెట్టంగనే రెండు పళ్ళేలు తిన్నడు. ఆమె వీన్ని వద్దన్నది అనుకున్న. గా నమ్మకంతోనే ఇన్నేండ్లు బతికిన. నేను ఒక్కపొద్దు ఉంచింది కాశమ్మ కోసం అనుకుంటేనే నా పుష్పను ఆమె తీస్కపోయినట్టు. లేకుంటే తీస్కపోయింది ఎవరు?

ఇగ అసలు కథ. మూడేండ్ల కిందటిది.

శ్రవణ్‌కు నా తమ్ముని బిడ్డ కీర్తిప్రియనే చేసిన. డిగ్రీ చదివింది, కంచన్‌బాగ్ దిక్కు ఒక లాబ్‌ల రక్తాలు పరీక్ష చేసే కొలువు. వాళ్ళ బిడ్డ శ్రీహితకు ఆ ఏడు నాలుగో ఏడు పడ్డది. కీర్తి మొదటికెళ్ళే వద్దన్నది. పిల్లకు నిన్నటికెళ్ళి ఒళ్ళు వెచ్చగున్నది అత్తా, ఇంకో ఏడు చూద్దాం అన్నది. శ్రవణ్ అటు చెప్పలే, ఇటు చెప్పలే. పట్టుబట్టింది నేనే. ఉంచకపోతె ఏమైతదో నీకేం ఎరుక అన్న. మా అత్త నాతోని మాట్లాడిన గొంతుతోనే మాట్లాడిన. పాపం పిల్ల, నా మొఖం చూసి ఊకున్నది.

ముందటి దినం శ్రీహిత సరిగ తినలే. మర్నాడు పొద్దుగాల లేచి ఒకసారి కక్కింది. గూటి కింద చాప మీద పండుకుంటా అన్నది. ఆ జాగ ఎవరూ చూపియ్యలే. పోయి పండుకున్నది. పదకొండు గొట్టేసరికి ఇంట్ల చప్పుడు లేదు. కీర్తి డ్యూటీకి తయారైతున్నది. నేను కాశమ్మకు వడ్డించనీకి అన్నం గంటె పట్టుకోని గూటి కాడికి పోయిన.

"ఇంత పెట్టుండ్రి."

అదే గొంతు. ఏండ్లకేండ్లు నేను ఇన్న గొంతు. చెయ్యి దానంతటదే గూటి దిక్కు లేచింది. మల్ల వచ్చింది, ఇంకింత సన్నగ. ఆ రెండోసారి నాకు ఎరుకైంది, గొంతు గూట్లెకెళ్ళి వస్తలేదు. గూటి కిందికెళ్ళి వస్తున్నది. నేను కిందికి చూసిన. శ్రీహిత పెదవులు కదులుతున్నయి. కండ్లు సగం తెరిచి ఉన్నయి, నన్ను చూస్తలేవు.

పుష్ప కూడ గక్కడనే పండుకున్నది. గదే జాగ. నేను ఆ దినం కిందికి చూడలే. ఎండి మొఖానికి పెట్టిన.

చేతుల గంటె ఏడ పడ్డదో ఎరుకలేదు. ఒంగి పిల్లను ముట్టుకుంటే చెమట, మంచులెక్క చల్లటి చెమట. "కీర్తీ" అని పిలిచిన. నా చెయ్యి పైకి పోయి కాశమ్మ మెడల ఉన్న చక్కెర పేరు గుంజింది. ఆమె మెడలకెళ్ళి ఎవరూ ఏనాడూ ఏం తియ్యలే. దారం తెగి బిళ్ళలు నేల మీద దొర్లినయి. ఒక బిళ్ళ పండ్ల కింద నూరి, ఆ పిండి వేలికి అద్ది పిల్ల చిగుళ్ళకు, బుగ్గ లోపల రాసిన. మింగమని నీళ్ళు పొయ్యబోతె కీర్తి ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. సోయిలేని పిల్లకు నీళ్ళు పోస్తె ఊపిరికి అడ్డం పడ్తయి, చక్కెర రాస్తనే ఉండు అత్తా అన్నది. మీ తాతకు షుగర్ చూసుకునే మిషన్ ఉంటది గద, అది తెచ్చి పిల్ల వేలు పొడిచింది. మిషన్ మీద అంకె రాలే. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చినయి. అంకె కూడ ఏసుకోలేనంత తక్కువ ఉన్నదని దాని అర్థమంట. చక్కెర పేర్లు చేసే ఇంట్ల, షుగర్ ఎక్కువైన ముసలోని మిషన్ మీద.

ఆటోల నా ఒళ్ళెనే పండపెట్టుకున్న. శ్రవణ్, మీ తాత బండి మీద ఎనుక వచ్చిన్రు. పురానాపూల్ దాటిందాక వేలు చిగుళ్ళ మీదికెళ్ళి తియ్యలే. కాశమ్మ బిళ్ళలు నా పిడికిట్ల కరుగుతున్నయి.

దవాఖానల డాక్టరమ్మ చిన్నది, మన పిల్లల ఈడే ఉంటది. వచ్చిరాంగనే పిల్ల చేతికి గ్లూకోజు పెట్టింది. ఆ తర్వాత మా దిక్కు తిరిగి అడిగింది, మీ ఇంట్ల ఇంతకుముందు పిల్లలెవరన్నా గిట్ల పోయిన్రా అని. శ్రవణ్ లేదు మేడం అన్నడు. వాడు అబద్ధం చెప్పలే, వానికి ఎవరూ చెప్పనే లేదు. మీ తాత కిందికి చూసిండు. ఆయనకు తన అన్న ముచ్చట ఎరుకే. గని పేరు ఎత్తొద్దు గద. ఎత్తితె ఇంకొకరిని పిలుస్తది. పిలిపించుకునేది అక్కడ మంచం మీదనే పండుకోని ఉన్నది.

చెప్తె పిల్ల పోతదేమోనని ఒక భయం. చెప్పకుంటే ఈ డాక్టరమ్మకు తొవ్వ దొరకదేమోనని ఇంకో భయం. ఈ రెండిటి కింద ఇంకొకటున్నది, అది అసలుది. చెప్తె పుష్పను కాశమ్మ తీస్కపోలేదని నా నోటితోనే నేను ఒప్పుకున్నట్టు.

అయినా నోరు తెరిచిన. "మామగారి చెల్లె సత్తెమ్మ, నాలుగేండ్లు. మా బావ కైలాసం, నాలుగేండ్లు, ముందటి దినం అటుకులు గుప్పెడు తిన్నడు అంతే. మా మరిది బిడ్డ రాధ, నాలుగు నిండలే, దగ్గు ఉండె. నా బిడ్డ పుష్ప, రెండు ముద్దలు తిన్నది, పగటిపూట నేను చేతులకెళ్ళి బిళ్ళ గుంజుకున్న. అందరూ ఒక్కపొద్దు నాడే పోయిన్రు, అమ్మా. వేరే దినం ఒక్కరు పోలే."

డాక్టరమ్మ రాసుడు ఆపింది. ఎంత సేపు తినకుండ ఉంచుతరు అని మెల్లగ అడిగింది. దీపాల నుంచి దీపాల దాక అని చెప్పిన. నా కడుపుల నేనే మన్ను పోసుకున్నట్టు చెప్పిన. ఆమె నన్ను తిట్టలే. మీరు చెప్పింది మస్తు పెద్ద సంగతి అవ్వా అన్నది, ఫలానా పరీక్షకు రక్తం పంపాలె అని కీర్తితోని ఇంగ్లీషుల చెప్పింది. కీర్తికి తెలిసిపోయినట్టున్నది, గోడకు చెయ్యి పెట్టుకోని నిలబడ్డది.

గప్పుడు మంచం మీదికెళ్ళి గొంతొచ్చింది. "నానమ్మా, ఇంత పెట్టు."

పిల్ల లేచిందని అందరూ ఉరికిన్రు. నేను కదలలే. సంతోషం కాదు ముందుగాల వచ్చింది, భయం. ఎందుకంటే అది శ్రీహిత గొంతే, గని అదే గొంతు. సన్నగ, కోపం లేకుండ, జర సిగ్గుతోని అడిగే గొంతు. ఆ ఎండి మొఖం కాడ నేను దండం పెట్టుకుంట ఇన్న గొంతు.

పరీక్ష కాయితం వచ్చేసరికి పది దినాలు పట్టింది. రోగం పేరు నా నోరు తిరగదు. కీర్తి నన్ను కార్ఖానలకు తీస్కపోయి, అచ్చుల పేర్ల కాడ కూసోబెట్టి చెప్పింది. ఆమె చెప్పినట్టే మీకు చెప్తా. చేతులు ఆపకుండ్రి, తినుండ్రి.

మన ఒంట్ల లెక్కలేనన్ని చిన్న పొయ్యిలు ఉంటయంట. కంటికి కనబడనంత చిన్నయి. కన్ను మూసినా తెరిచినా అవి మండుతనే ఉండాలె. మనం తిన్నదాన్ని ఒళ్ళు ముక్కలు చేసి, చక్కెర చేసి, పొయ్యిలకు ఏస్తది. ఏయంగ మిగిలితె పారెయ్యదు. కార్జం ఉన్నది సూడు, అది మన కార్ఖాననే. మిగిలిన చక్కెరను బిళ్ళకు బిళ్ళ అతికిచ్చి పేర్లు చేసి దాస్తది. కట్టుడు దాని పనే. మనం తినకుండ ఉన్నప్పుడు ఆ పేర్లకెళ్ళి ఒక్కొక్క బిళ్ళ తెంపి పొయ్యిలకు పంపుతది. తెంపుడు కూడ దాని పనే. పొద్దుందాక ఒళ్ళు చేసేది ఈ రెండే, కట్టుడు, తెంపుడు.

పెద్దోళ్ళ ఒంట్ల చక్కెర పేరు పొడుగు. పిల్లల పేరు పొట్టి, ఒక రాత్రికి, ఇంకింత సేపటికి అయిపోతది. జరమొస్తె ఇంకా జల్ది అయిపోతది. పేరు అయిపోయినంక ఒళ్ళు కొవ్వు దిక్కు పోతది. కొవ్వంటె మొద్దులసుంటిది. మస్తు మండుతది గని, ముందుగాల నరకాలె. నరికే గొడ్డలి అందరి ఒంట్ల ఉంటది. శ్రీహిత ఒంట్ల లేదు. మొద్దులున్నయి, గొడ్డలి లేదు. పేరు అయిపోంగనే పొయ్యిలు ఒక్కొక్కటే ఆరుకుంట వస్తయి, ఎక్కువ మండేది తలకాయలది గనుక నిద్రమబ్బు ముందు వస్తది. తల్లి దిక్కుకెళ్ళి, తండ్రి దిక్కుకెళ్ళి, రెండు దిక్కులా గొడ్డలి రాని పిల్లకే గిట్ల అయితది. శ్రవణ్‌కు ఒక దిక్కుకెళ్ళి వచ్చింది, బతికిండు. మేమందరం ఒకే ఇంటోళ్ళం గద, రెండు దిక్కులా రాకపోవుడు ఈడనే ఎక్కువ.

నాలుగేండ్లోళ్ళే ఎందుకు పోయిన్రంటె, కాశమ్మకు ఈడు పిల్లలు కావాలెనని కాదు. నాలుగో ఏడే మనం మొదటిసారి నోరు కట్టేసినం.

నేను ఇన్న. అంతా ఇన్నంక ఒకటే అడిగిన. "కీర్తీ, పుష్ప చేతుల బిళ్ళ ఉండె గద. అది తిననిస్తె?"

కీర్తి అచ్చుల దిక్కు చూసింది. అబద్ధం చెప్పుడు రాదు ఆ పిల్లకు. "ఒక్క బిళ్ళ సరిపోకపోయేది అత్తా," అన్నది, "అది తిని, ఎంబడే అన్నం తింటే..." నా చెయ్యి పట్టుకోని కూసున్నది. ఇద్దరి చేతులకు పాకం అంటుకున్నది.

ఆనాటికెళ్ళి కాశమ్మ దినం గిట్లనే చేస్తున్నం. పిల్లలు ముందు తినాలె, ఆమెకు తర్వాత. గూటి కింద చాప ఎయ్యనిస్తలేను. పోయినోళ్ళ పేర్లు గట్టిగ ఎత్తి, ఒక్కొక్కరి పేరు మీద ఒక్కొక్క పిల్లకు ముద్ద పెడ్తున్నం. పుష్ప ముద్ద శ్రీహితకే. అగో, ఆ మూలకు కూసోని పెరుగన్నంల మామిడికాయ తొక్కు కలుపుకుంటున్నది సూడుండ్రి, ఏడేండ్ల దొరసాని. దాన్ని చూసి నవ్వకుండ్రి, పండుకునే ముందు కూడ లేపి తినిపిస్తరని దానికి మస్తు కోపం.

ఒక్కటి మాత్రం మీకు దాచకుండ చెప్తా. పుష్ప పోయినంక, శ్రీహిత పుట్టకముందు, ఏ పిల్లకూ ఏం కాని ఏండ్లల్ల కూడ నేను ఆ గొంతు ఇన్న. గూటి కింద ఎవరూ లేరు అప్పుడు. కీర్తిని అడిగిన, అది ఎవరిది మరి అని. ఆమె కాడ దానికి లెక్క లేదు. నాకు తోచింది చెప్తా. కాశమ్మ ఎవరినీ పిలవలే. ఆకలైతుందని ఒక్క మాట చెప్పింది, మనకు ఇనుడు రాలే. ఇన్నేండ్లు చెప్పింది. ఈ మూడేండ్లల్ల ఆ గొంతు రాలే. గని ఆమె మెడల పేరు కొత్తది ఏస్తం గద, మర్నాటికి ఒక బిళ్ళ తక్కువుంటది. చీమలు అత్తా అంటది కీర్తి. చీమలే కావచ్చు. చీమలకు కూడ కడుపుంటది.

రేపు మీరు వేరే ఇండ్లకు పోతరు. మీ ఇండ్లల్ల పిల్లలు పుడ్తరు. మన రక్తం ఏడికి పోయినా ఈ కొరత ఎంబడి రావచ్చు. పిల్ల మబ్బుగున్నా, జరమొచ్చినా, ఒక్కపూట తినకున్నా ఈ అవ్వ మాట యాదికి తెచ్చుకోండ్రి, డాక్టరుకు మొదలు ఇదే చెప్పుండ్రి. సిగ్గుపడి ఊకోకుండ్రి, నేను ఊకున్నందుకు ఏమైందో ఇన్నరు. పేర్లు యాది పెట్టుకోండ్రి: సత్తెమ్మ, కైలాసం, రాధ, పుష్ప. అందరికన్న ముందు కాశమ్మ. నేను పోయినంక ఈ కథ మీరే చెప్పాలె, కూసోబెట్టి చెప్పాలె. గని ముందుగాల ఇనేటోళ్ళకు ఇంత అన్నం పెట్టుండ్రి, తర్వాత నోరు తెరువుండ్రి.